అచ్చాయమ్మ వచ్చే అధ్యాయం

నాకు చరిత్ర నవలలంటే ప్రాణం. వాటిని రాసేవాళ్ళంటే మాత్రం ఒళ్ళుమంట. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని మా ఆయన నాగేశ్వరప్రసాద్ పెళ్ళయిన నాటి నుంచి ఆశ్చర్యపోతూనే ఉన్నారు. అందులో ఆశ్చర్యానికేముందో నాకు తెలీదు. పనసపొట్టు కూరంటే ప్రాణం పెట్టే మనిషే కదా, ఆవ ఎక్కువేసి పాడుచేసిన వాళ్ళని తిట్టేది.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో మాది స్టీలు సామాన్ల కొట్టు. బేరాలు పలచబడ్డప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదువుతాను. చదివాక నాకేమనిపించిందో ఫోన్లో వాయిస్ మెసేజ్ చేసి మా పుస్తకాల గ్రూపులో పెడతాను. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు అది భీమవరం వెళ్తుంది, కాకినాడ వెళ్తుంది, చివరికి రాసినాయన చెవిన పడుతుంది. ఇద్దరు రచయితలు నాతో మాట్లాడటం మానేశారు. నాకేం నష్టం లేదు.

కిందటేడు వచ్చిన ఒక నవలలో చాళుక్య రాజుగారు నడి శ్రావణంలో గుర్రమెక్కి గోదావరి దాటేస్తాడు. వరద గోదారిని ఒక్కసారి గట్టు మీద నిలబడి చూసినవాడెవడూ ఆ వాక్యం రాయడు. ఇంకొకదానిలో వెయ్యేళ్ళ కిందటి రాణిగారు పచ్చిమిరపకాయ పచ్చడి నూరుతుంది. మిరపకాయ ఓడెక్కి ఈ దేశానికి రావడానికి ఇంకా ఐదొందల ఏళ్ళు పడుతుందని ఆవిడకి చెప్పేవాళ్ళెవరు? ఇవన్నీ నవ్వి ఊరుకోదగ్గ తప్పులు. నన్ను మండించేది వేరే ఉంది. చరిత్రలో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే చాలు, మనవాళ్ళు ఒక ఆడమనిషిని తీసుకొచ్చి ఆ ఖాళీలో పడుకోబెడతారు. రాజెందుకు ఓడిపోయాడో తెలీదు, ఒక ఆడది. కోట తలుపు ఎవరు తీశారో తెలీదు, ఇంకో ఆడది. తెలీదని ఒప్పుకోవడానికి వీళ్ళకి నోరు రాదు.

బాగున్నవీ ఉన్నాయి, లేకేం. ఉప్పు పండించుకునే ఒక కుటుంబం మీద ఈ మధ్యే చిన్న నవల వచ్చింది. అందులో రాజు లేడు, కత్తి లేదు. చదువుతుంటే నాకు దాహమేసి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగాను. చరిత్ర అంటే నాకు అదీ.

ఇంత నోరున్న నన్ను పుస్తకావిష్కరణ సభకి పిలిచే ధైర్యం మామూలుగా ఎవరికీ చాలదు. ఉదయభాస్కర్ గారు పిలిచారు. ఆయన మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆనకట్ట కట్టిన రోజుల మీద ఏళ్ళ తరబడి కష్టపడి నవల రాశారు. పేరెందుకులెండి.

మా ఊళ్ళో ఈ సభలకి ఒక పద్ధతి ఉంది. పుస్తకం ముందుగా ఎవరూ చదవరు. వక్తలకి ముందురోజు సాయంత్రం ఒక్కో కాపీ అందుతుంది. అధ్యాయాలు పంచుతారు, మీకివి, ఆయనకవి అని. ఎవరి వాటా వాళ్ళు తిరగేసుకుని వచ్చి, మిగతాదంతా అద్భుతం అనేసి దిగిపోతారు. శాలువా ఎవరికి కప్పాలో మాత్రం నెల ముందే తేలిపోయి ఆహ్వానపత్రిక మీద అచ్చయిపోతుంది. ఈసారి శాలువా సంపూర్ణమ్మ గారికి. ‘ఈ నవలకు ప్రేరణ అయిన అచ్చాయమ్మ గారి మునిమనవరాలు’ అని పెద్దక్షరాల్లో వేశారు.

సంపూర్ణమ్మ గారు మా గ్రూపులో ఉన్న తబిత వాళ్ళమ్మ. తబిత గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెప్తుంది. వాళ్ళది లూథరన్ చర్చి సంఘంలో పాత కుటుంబం. పెద్దావిడకి ఎనభై దాటాయి. చూపు పూర్తిగా పోయింది, బుర్ర మాత్రం పాదరసం. ఆదివారం మధ్యాహ్నాలు నేను వెళ్ళి ఆవిడకి నవలలు చదివి వినిపిస్తాను. వింటూ వింటూ, “ఆ రాజుగారు అన్నం ఎప్పుడు తింటాడమ్మా, పొద్దున్నించీ గుర్రం దిగలేదు” అంటారు. నా అభిప్రాయాల్లో సగం ఆవిడవే.

ఆ ఇంట్లో బైబిలు తర్వాత చెప్పుకునే కథ అచ్చాయమ్మది. ఆనకట్టకి రాళ్ళు మోసే కూలీల పాకల్లో కలరా వచ్చింది. జనం పాకలు వదిలేసి పారిపోయారు. అచ్చాయమ్మ పారిపోలేదు. గంజి కాచి పాక పాకకీ తిరిగి రోగుల నోట్లో పోసింది. బతికినవాళ్ళు బతికారు, పోయినవాళ్ళు పోయారు. మూడు పాకల్లో అమ్మా నాన్నా ఇద్దరూ పోయి ముగ్గురు పసిపిల్లలు మిగిలారు. ఆ ముగ్గుర్నీ తెచ్చుకుని పెంచింది, పెళ్ళి మాట ఎత్తలేదు. ఆ ముగ్గురిలో ఒకడు సంపూర్ణమ్మ గారి తాత. ఇవాళ భీమవరం నుంచి కోరుకొండ దాకా ఆ ముగ్గురి సంతానం ఎంతమంది ఉన్నారో వాళ్ళకే లెక్క తెలీదు.

ఉదయభాస్కర్ గారు ఆ ఇంటికి మూడుసార్లు వెళ్ళి, ఫోన్లో రికార్డు చేసుకుని, ఈ కథంతా విన్నారు. నాకు మాత్రం సంపూర్ణమ్మ గారు ఇంకో ముక్క కూడా చెప్పారు, నవ్వుకుంటూ, కాస్త సిగ్గుపడుతూ. అచ్చాయమ్మ నోరు మంచిది కాదట. గంజి వద్దని మొరాయించినవాడి నోటికి చెంబు ఆనించి, “తాగి చావరా, చావడానికైనా ఓపిక ఉండాలి కదా” అని తిట్టేదట. “పెద్దమనిషి, ఆయనకి ఇలాంటివేం చెప్తాం, నీకు కాబట్టి చెప్పాను” అన్నారావిడ.

పెళ్ళిళ్ళ రోజులు కావడంతో శనివారం కొట్లో ఊపిరాడలేదు. ఆదివారం పొద్దున కాఫీ తాగి పుస్తకం తెరిచాను. నా వాటా పదమూడు నుంచి పదహారు దాకా. పదమూడు బాగుంది. రాయి ఎలా పగలగొట్టారు, సున్నం ఎలా కలిపారు, ఏటి అడుగున పునాది ఎలా నిలిచింది అన్నీ కళ్ళకి కట్టినట్టు రాశారు. ఫరవాలేదే అనుకుని పద్నాలుగులోకి వెళ్ళాను. అచ్చాయమ్మ వచ్చే అధ్యాయం అదే.

అందులో అచ్చాయమ్మ పని చేయించే మేస్త్రీకి ఉంపుడుగత్తె. ఆయన పోయాక ఇంకొకడు, వాడు పోయాక మూడోవాడు. కలరా వచ్చినప్పుడు ఆవిడ పాక పాకకీ తిరిగేది గంజి పొయ్యడానికి కాదు, చచ్చినవాళ్ళ బియ్యం ఎత్తుకురావడానికి. ఆ ముగ్గురు పిల్లలూ ఆవిడ కన్న పిల్లలే. పేరు మార్చలేదు. ఊరు మార్చలేదు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచేదని సంపూర్ణమ్మ గారు చెప్పిన గుర్తు కూడా మార్చలేదు. ఆ కాలు ఈడ్పు మీద సగం పేజీ శృంగారం రాశారు.

పుస్తకం పట్టుకెళ్ళి మా ఆయన ముందు పడేశాను. ఆయన ఆ రెండు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“బాలేదు” అన్నారు. “కానీ నవల కదా సత్యా. ఆయనేం చరిత్ర పుస్తకం రాయలేదు కదా.”

“మరి శాలువా ఎందుకు కప్పుతున్నారు? నవలకి కప్పుకోమనండి.”

“ఇవాళ ఒక్క పూట నోరు కట్టేసుకో. ఊరుకున్నంత ఉత్తమం లేదు. తర్వాత సంగతి వాళ్ళు చూసుకుంటారు.”

“ఆవిడకి ఆ అధ్యాయం చదివి వినిపించాల్సింది నేనండీ” అన్నాను. ఆ సంగతి ఆయన మర్చిపోయారు. వేదిక మీద అచ్చాయమ్మ వచ్చే చోటు నేనే చదవాలని సంపూర్ణమ్మ గారు ఉదయభాస్కర్ గారిని స్వయంగా అడిగారు. ఆయన మహా సంతోషంగా ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం తబిత ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం నిండా చెప్పులు. భీమవరం నుంచి చుట్టాలు వ్యానేసుకుని వచ్చేశారు. పొద్దున ఆరాధనలో పాస్టరు గారు సభ గురించి చెప్పి, సంఘమంతా రమ్మన్నారట. సంపూర్ణమ్మ గారు కొత్త తెల్లచీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు, వచ్చిన ప్రతివాళ్ళూ వందనాలండీ అని ఆవిడ చెయ్యి పట్టుకుంటున్నారు. నా అడుగు చప్పుడు పోల్చుకుని, “వచ్చావా అమ్మాయ్, చదివేశావా? నాకు చెప్పకు. సభలోనే వింటాను” అన్నారు.

తబితని వంటింట్లోకి లాక్కెళ్ళి పుస్తకం చేతిలో పెట్టాను. పొయ్యి మీద టీ మరుగుతోంది. చదువుతూనే చెయ్యి చాపి స్టవ్ కట్టేసింది.

“నేను సోషల్ చెప్తానక్కా” అంది చివరికి. “పాతికేళ్ళుగా పిల్లలకి, నోటిమాట నమ్మకండి, అచ్చులో ఉన్నది చూడండి అని చెప్తున్నాను.”

“సభకి వెళ్ళద్దు. ఒంట్లో బాలేదని చెప్దాం.”

“అమ్మ ఊరుకోదు. ఎందుకని అడుగుతుంది. మేం ఆవిడ దగ్గర ఏదీ దాచలేం, గొంతు పట్టేస్తుంది.” తబిత పుస్తకం మూసి రెండు చేతుల మధ్య నొక్కిపట్టుకుంది. “మీరే కదా చదివేది. మార్చి చదివెయ్యండక్కా. అమ్మకి కనపడదు. మీ నోట్లోంచి ఏం వస్తే అదే పుస్తకం. ఇవాళ ఆవిడ సంతోషంగా ఇంటికి రావాలి. మిగతాది రేపు నేను చూసుకుంటాను, ఆయన సంగతి కూడా.”

ఉన్నమాట అనేస్తానని నాకు ఊరంతా పేరు. అబద్ధం చదివిపెట్టమని నన్నడిగిన మొదటి మనిషి తబిత. కాదనడానికి నాకు నోరు రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏంటో ఆ వంటింట్లో తెలిసింది. సరేనన్నాను.

అయినా ఒక ప్రయత్నం చేద్దామని సభకి అందరికంటే ముందు వెళ్ళాను. గోదావరి గట్టుకి దగ్గర్లో హాలు. ఉదయభాస్కర్ గారు పట్టుపంచె కట్టుకుని బ్యానరు సరిచేయిస్తున్నారు. పక్కకి పిలిచాను.

“పద్నాలుగో అధ్యాయం చదివానండీ అన్నయ్య గారూ.”

“చదివావా చెల్లెమ్మా? నవలకి గుండెకాయ అదే. ఎలా ఉంది?”

“ఆ పిల్లలు అనాథలని మామ్మగారు మీకు చెప్పారు కదా.”

“చెప్పారు. ఏ ఇంట్లోనైనా అలాగే చెప్పుకుంటారమ్మా. నువ్వే ఆలోచించు. పెళ్ళి లేదు, కూలీల పాకల్లో ఒంటరి ఆడది, ముగ్గురు పిల్లలు. రికార్డుల్లో చూస్తే ఏమీ లేదు. ఆ గ్యాప్‌ని నేను లాజికల్‌గా ఫిల్ చేశాను. తక్కువ చేసి రాయలేదే, చాలా సానుభూతితో రాశాను.”

“పోనీ, పేరైనా మార్చాల్సింది.”

“ఆ పేరులో మట్టివాసన ఉంది. అలాంటిది కల్పిద్దామన్నా రాదు.”

“అయితే కథ అదే ఉంచి మీ తాతమ్మ గారి పేరు పెట్టండి. అదీ పాత పేరే కదా.”

ఆయన మొహం మాడిపోయింది. “ఆ పోలికేంటమ్మా?” అన్నారు. అన్నాక తను ఏమన్నారో తనకే వినపడినట్టుంది, గొంతు తగ్గించారు. “చూడు, మీ ఆయన మొహం చూసి ఊరుకుంటున్నాను. వేదిక మీద నువ్వు తేడాగా మాట్లాడితే పోయేది నా పరువు కాదు. అంతమంది చుట్టాల ముందు కూర్చోబోయే ఆ ముసలావిడ పరువు. అది గుర్తుపెట్టుకో.”

నిజమే చెప్పారు. అందుకే ఇంకా మండింది.

సభ మొదలైంది. హాలు నిండిపోయి గోడల వెంబడి నిలబడ్డారు. సగం మంది సంఘం వాళ్ళే. వేదిక మీద ఒక చివర సంపూర్ణమ్మ గారు, ఆవిడ పక్కనే నేను, మధ్యలో ఉదయభాస్కర్ గారు. ముందు వరసలో తబిత, ఆ వెనకే మా ఆయన. నాకంటే ముందు మాట్లాడినాయన మొదటి పన్నెండు అధ్యాయాలూ అద్భుతమన్నారు. వాటిలో ఏముందో ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత నేను మైకు దగ్గరికి వెళ్ళాను.

పదమూడో అధ్యాయంలో పునాది గురించి మెచ్చుకున్నాను. అది నిజంగా మెచ్చుకున్నదే. తర్వాత పద్నాలుగు తెరిచి, పేజీ కళ్ళకి ఎదురుగా పట్టుకుని, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను.

పాకల్లో జనం ఎలా పారిపోయారో చదివాను. అచ్చాయమ్మ మూడు రాళ్ళు పేర్చి గంజి పెట్టడం చదివాను. కాలు ఈడ్చుకుంటూ చెంబు పట్టుకుని చీకటి పాకలోకి వంగి వెళ్ళడం చదివాను. మధ్యమధ్య పేజీ కూడా తిప్పాను. సంపూర్ణమ్మ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖం కొంచెం పైకెత్తి వింటున్నారు. ఉదయభాస్కర్ గారు మొదట ఉలిక్కిపడి నా వైపు చూశారు. తన పుస్తకంలో లేని వాక్యాలు కదా. తర్వాత జనం మొహాలు చూశారు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళని చూశారు. మెల్లగా కుర్చీలో వెనక్కి వాలి, తల పంకించడం మొదలుపెట్టారు.

నేను అప్పుడే ఆపెయ్యాల్సింది. కానీ ముచ్చటగా సాగుతున్న కథ, నోటికి అడ్డు లేదు. గంజి వద్దని మొహం తిప్పుకున్న ఒక కూలీ గడ్డం పట్టుకుని అచ్చాయమ్మ అంది, “తాగి చావరా, చావడానికైనా ఓపిక ఉండాలి కదా.”

హాలంతా ఒక్కసారి నవ్వింది. వెంటనే చప్పట్లు. సంపూర్ణమ్మ గారు కూడా నవ్వారు. ఉదయభాస్కర్ గారు లేచి నిలబడి ఆ చప్పట్లకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. సిగ్గనేది ఉండాలి మనిషికి.

చప్పట్లు ఆగేసరికి సంపూర్ణమ్మ గారి నవ్వు కూడా ఆగిపోయింది.

“అమ్మాయ్, ఒక్క నిమిషం ఆగు” అన్నారు. గట్టిగా అనలేదు, కానీ మైకు దగ్గర్లో ఉండటంతో అందరికీ వినపడింది. “ఆ మాట ఇంజనీరు గారికెలా తెలుసు? ఆయనకి నేను చెప్పలేదే.”

నేను పుస్తకం కిందికి దించాను.

“నీకొక్కదానికే చెప్పాను.”

తబిత తల దించేసుకుంది. ఉదయభాస్కర్ గారు కుర్చీలో కూర్చోబోయి కూర్చోలేదు.

“ఇది నేను నీకు చెప్పిన కథ. నా మాటలు నాకు తెలీవా?” అన్నారు సంపూర్ణమ్మ గారు. “పుస్తకంలో ఏముందో అది చదువమ్మా.”

“చదవలేనండీ మామ్మగారూ.” ఏడుపొచ్చేస్తోంది, అంతమందిలో ఏడిస్తే ఆవిడకి ఇంకా భయం వేస్తుందని పళ్ళు బిగపట్టాను.

“నువ్వు చదవలేనిదంటూ ఉందా?” ఆవిడ నా వైపు తిరిగారు. చూపు లేని ఆ కళ్ళు నా మొహం మీద కాక కొంచెం పక్కన ఆగాయి. “ఇంటి దగ్గర తబితకి తెలుసా?”

“తెలుసండి.”

ఆవిడ చెయ్యి చాపి, “ఆ మైకు ఆయనకివ్వు. ఆయన రాసింది ఆయన నోటితోనే వింటాను” అన్నారు.

ఉదయభాస్కర్ గారు గొంతు సవరించుకున్నారు. “అమ్మా, ఇది నవలండి. కల్పన ఉంటుంది. టైమైపోతోంది, ముందు సత్కారం కానిచ్చేసి...”

“కల్పనే చదవండి బాబూ. మా వాళ్ళంతా భీమవరం నుంచి వినడానికే వచ్చారు.”

వెనక ఎవరో, “చదవండి సార్” అన్నారు. ఇంకెవరో కూడా అన్నారు. మైకు నేనే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను, పద్నాలుగో అధ్యాయం దగ్గర వేలు పెట్టి పుస్తకం కూడా ఇచ్చాను. మా ఆయన వంక చూశాను. వద్దని సైగ చేస్తారనుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని ఉదయభాస్కర్ గారినే చూస్తున్నారు.

ఉదయభాస్కర్ గారు మొదలుపెట్టారు. గోదావరి మీద సూర్యుడు కుంకుమ ఆరబోసినట్టు అస్తమిస్తున్నాడు.

“ఊఁ” అన్నారు సంపూర్ణమ్మ గారు.

కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊకొట్టాలి కదా, అలా కొట్టారు. ఆయన తడబడి, రెండో వాక్యం చదివారు. రాళ్ళగుట్ట పక్కన అచ్చాయమ్మ పాకలో ఒక్కటే దీపం వెలుగుతోంది.

“ఊఁ.”

ప్రతి ఊఁకీ ఆయన ఇంకో వాక్యం చదవక తప్పలేదు. ఆవిడ గొంతులో కోపం లేదు, పసిపిల్లలు కథ వింటారే అలా వింటున్నారు. మేస్త్రీ వచ్చే చోటికి రాగానే ఆయన ఆగి, పేజీ తిప్పారు.

“రెండు పేజీలు తిప్పినట్టున్నారు బాబూ” అన్నారు ఆవిడ.

ఆయన ఒక పేజీ వెనక్కి వేశారు. నుదుటి మీద చెమట కారి కళ్ళజోడులోకి పోతోంది. మేస్త్రీ గురించి చదివారు. బియ్యం గురించి చదివారు. గొంతు సన్నబడిపోయి మైకున్నా వెనకవాళ్ళకి వినపడటం లేదు. గోడల వెంబడి నిలబడ్డ మగవాళ్ళు కదిలారు. భీమవరం చుట్టాల్లో ఒకతను ముందుకి రాబోతే తబిత లేచి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. సంపూర్ణమ్మ గారు మాత్రం ఊకొడుతూనే ఉన్నారు, ఒక్కటీ తప్పకుండా.

“ఆ పాకలో ముగ్గురు పిల్లలు” అని చదివారు ఆయన. “ముగ్గురికీ ముగ్గురు తండ్రులు.”

ఊఁ రాలేదు.

ఆయన తలెత్తి చూశారు. సంపూర్ణమ్మ గారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నారు. నేను వెళ్ళి పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించుకోలేదు, దాని మీద బరువు వెయ్యనూ లేదు. నిలబడ్డారు.

“నిజమే బాబూ” అన్నారు. “ముగ్గురు తండ్రులే. మీరు తప్పు రాయలేదు. ముగ్గురు తల్లులు కూడా ఉన్నారు. వాళ్ళని వదిలేశారు.”

ఆవిడ ఇంకో చేత్తో బల్ల అంచు పట్టుకున్నారు.

“ఆరుగురూ రోజుల తేడాలో పోయారు. ఏ తల్లి ఏ పాకలో పోయిందో, పోయేముందు బిడ్డని చేతికిస్తూ ఏమందో, మా తాతమ్మ మా తాతకి చెప్పింది. మా తాత మా నాన్నకి చెప్పాడు. వాళ్ళ పేర్లు ఆరూ నాకు తెలుసు. మీరు మూడుసార్లు మా ఇంటికొచ్చారు. టీ తాగారు. రాయి ఎంత బరువుండేది, కూలి ఎంతిచ్చేవారు, కాలు ఎందుకు ఈడ్చేది, అన్నీ అడిగారు. వచ్చినప్పుడల్లా, ఈసారి ఆ పేర్లు అడుగుతారు అనుకునేదాన్ని. అడగలేదు.”

ఉదయభాస్కర్ గారి చేతిలో మైకు ఉంది. సత్కారానికని తెచ్చిన శాలువా కవరు కూడా విప్పకుండా బల్ల మీద ఉంది.

సంపూర్ణమ్మ గారు ఆయన గొంతు వినపడిన వైపుకి మొహం తిప్పుకుని నిలబడ్డారు.

“ఇప్పుడు అడగండి” అన్నారు.